పౌండు జొన్నలు, కరువు పాట

(విడపనకల్లులో చేసిన స్మారకోపన్యాసం)



ఈ ఊరి బడిలో పాఠాలు చెప్పిన మాస్టారి పేరుమీద నన్ను మాట్లాడమన్నారు. నేను ఆయన తరగతిలో కూర్చోలేదు గానీ పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన శెనక్కాయ పీకే చేలల్లోకి వెళ్లి, అవ్వలు పాడిన కరువు పాటలు నోటుపుస్తకంలో రాసుకునేవారు. ప్రతి పాట కిందా మూడు సంగతులు: ఏ ఊరు, ఎవరు పాడారు, ఆమె ఎవరి దగ్గర నేర్చుకుంది. ఆ మూడూ లేని పాటను పుస్తకంలోకి రానిచ్చేవారు కాదు. పాటకు కూడా మూలం అడిగిన మనిషి ఆయన. అందుకే ప్రజల ఆరోగ్యం గురించి ప్రభుత్వం నిర్ణయం చేసేటప్పుడు దేన్ని సాక్ష్యమనాలి అన్న ప్రశ్నను ఈ పూటకు ఎంచుకున్నాను.

 నేరుగా ధాత కరువులోకి వెళ్తాను. 1876–78. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, అది 1882లో ఏర్పడింది; మనమంతా బళ్లారి కిందే. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాడు. ఖర్చు తగ్గించడం ఆయనకు అప్పగించిన పని. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, పైన కాస్త చిల్లర చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. ఖైదీల తిండి లెక్కలు తీశాడు, శిబిరాల్లో చిక్కిపోతున్న మనుషుల్ని చూపించాడు, గింజకు తోడు పప్పూ కూరాకూ లేకపోతే ఒళ్లు నిలవదన్నాడు. కాగితాల మీద ఆ కొట్లాట నెలల తరబడి నడిచింది. మే నెలకు గానీ మద్రాసు ప్రభుత్వం కూలి పెంచలేదు. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి: బళ్లారి జిల్లాలో ఐదోవంతుకు దగ్గరగా మనుషులు తగ్గారు.

ఆ కాగితాలు చదివాక ఒకనాడు ఇంట్లో ఒక పౌండు, అంటే సుమారు 450 గ్రాముల జొన్నలు తూచి సంగటి చేయించాను. మూడు ముద్దలు వచ్చాయి. బ్యాళ్లు లేవు, ఊరిబిండి లేదు. పొద్దుకొక ముద్ద పెట్టుకుని ఆ రోజంతా కూర్చునే ఉన్నాను, రాయి ఎత్తలేదు, తట్ట మోయలేదు. సాయంత్రానికి చేతులు వణికాయి. మాస్టారి పుస్తకంలో ఒక అవ్వ పాటలో కొలత పాత్ర గురించిన మాట ఎందుకు అన్నిసార్లు తిరిగి తిరిగి వస్తుందో ఆ సాయంత్రం తెలిసింది.

ఇక్కడ సాటి పరిశోధకులతో నాకు పాత తగాదా ఉంది.  ఆ రోజుల్లో పోషకాహార శాస్త్రం ఇంకా తేలలేదు, టెంపుల్ తనకు అందిన సాక్ష్యం మీదే నడిచాడు అని వాళ్లంటారు. తేలలేదన్న మాట నిజమే. కానీ తేలనప్పుడు సందేహం బరువు ఎవరి నెత్తిన పెట్టాలి? టెంపుల్ దాన్ని తట్ట మోసేవాడి కడుపు మీద పెట్టాడు, కార్నిష్ ఖజానా మీద పెట్టమన్నాడు. ఇద్దరి దగ్గరా అంకెలున్నాయి. ఎవరి అంకె తప్పితే ఎవరు చస్తారన్నది వేరు. ఇంకో వర్గం వాళ్లు కరువు పాటను ఏడుపు అంటారు, సాక్ష్యం అనరు. ఎవరు, ఎక్కడ, ఎవరి నోట విన్నారో రాసి ఉన్న పాటను ఎందుకు కాదంటారు? దొర రాసిన అధికారిక నోటుకూ ఒక నోరే మూలం. పాటలో అతిశయోక్తి ఉంటుంది, కాదనను. దాన్ని లెక్కతో పోల్చి చూడాలి, లెక్కనూ పాటతో పోల్చి చూడాలి. మాస్టారు చేసిన పని అదే.

 ఇక దగ్గరి కాలానికి వస్తాను; ప్రశ్న అదే, దేన్ని సాక్ష్యమనాలి.

1963లో మన పక్కనున్న తుమకూరు జిల్లా మీద బెనర్జీ, ఆండర్సన్ అనే పరిశోధకులు ఒక అధ్యయనం అచ్చువేశారు. క్షయ ఉన్నవాళ్లకు తమ జబ్బు తెలియదనుకున్న రోజులవి. అడిగి చూస్తే సగానికి పైగా అప్పటికే ఆసుపత్రికి వెళ్లి, దగ్గు మందు సీసాతో తిరిగొచ్చారు. అడగడమే ఆ సాక్ష్యాన్ని బయటపెట్టింది. తర్వాత కుటుంబ నియంత్రణ నుంచి ఎయిడ్స్ దాకా ప్రచారం కోసం బుర్రకథ, తోలుబొమ్మలాట ఊరూరా తిరిగాయి. నేను చూసిన రిజిస్టర్లలో ప్రదర్శనల సంఖ్య ఉంది, చూసినవాళ్లు ఏమన్నారో ఒక్క ముక్క లేదు. అందుకు భిన్నంగా నెల్లూరు అక్షరాస్యతా ఉద్యమంలో కళాజాతాలు ఆడారు, ఆడవాళ్లు కూడి మాట్లాడుకున్నారు. దూబగుంటలో సారా కొట్టు మూయించారు, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 2010లో వైద్యపత్రిక లాన్సెట్‌లో వచ్చిన ఏక్‌జుట్ సంస్థ అధ్యయనం ఇంకా గట్టి సాక్ష్యం. జార్ఖండ్, ఒడిశా పల్లెల్లో ఆడవాళ్ల గుంపులు కథలు, బొమ్మల కార్డులు పెట్టుకుని తమ కాన్పుల కష్టాలు తామే తేల్చుకున్నాయి. చీటీ వేసినట్టు ఎంచిన పల్లెలు కాబట్టి పోలిక నమ్మదగినది: పురిటిబిడ్డల చావులు మూడేళ్లలో దాదాపు మూడోవంతు తగ్గాయి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కళలూ ఆరోగ్యమూ అన్న విషయం మీద 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించి నివేదిక ఇచ్చింది. అందులో బలమైనవీ బలహీనమైనవీ కలిసే ఉన్నాయి.

మాస్టారి నోటుపుస్తకం ఈ బల్ల మీదే ఉంటుంది, వెనక ఖాళీ పేజీలున్నాయి. ధాత కరువు పాట మీ ఇంట్లో ఏ అవ్వ నోటనైనా మిగిలి ఉంటే, తెలుగుదైనా కన్నడదైనా, వచ్చి రాయించండి. ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నది కూడా చెప్పండి.