కప్పుమీది చెమ్మమరక

వానలు పూర్తిగా వెనుకంజ వేయకమునుపే మనకు దసరా వచ్చును. దాని వెనుకనే దీపావళి. పండుగకు ఇల్లు వెల్లవేయించుట తెలుగువారికి తరతరాల అలవాటు. సరిగా ఆ దినములలోనే కప్పుమీద పళ్ళెమంత గోధుమరంగు మరక కనిపించును. చుట్టములు చూతురేమో యని ఇల్లాలికి బెంగ. రెండుపూతలు వేసిన పోవునని పెయింటరు అభయము. పూసిన నాడు మాయమైనట్లే తోచును. వారము తిరుగకమునుపే అదేచోట అదే మరక మరల తొంగి చూచును. ఇప్పుడు రేడియో ముందు కూర్చున్నవారిలో కొందరు తలయెత్తి చూచిన, తమ యింటనే దీనికి సాక్ష్యము దొరకవచ్చును.

వాననీరు శ్లాబు సందులగుండ ఊరక దిగదు. సున్నములోను, ఇటుకలోను, సిమెంటులోను కరగు లవణములను, పాత మిద్దెలలో దూలముల కర్రనుండి దిగు కషాయమును, ధూళిని, ఒక్కొక్కప్పుడు ఇనుపచువ్వల తుప్పును తనతో తెచ్చును. కప్పు అడుగునకు చేరి తాను ఆవిరియై పోవును. తెచ్చిన సరకును మాత్ర మక్కడనే విడిచిపోవును. తడి వ్యాపించి ఆగిన మేరనే మరక అంచు ముదురుగా నుండును. బల్లమీద ఒలికిన కాఫీచుక్క ఆరినపుడును ఇట్టి వలయమే ఏర్పడును. అంచున ఆవిరియైన నీటి స్థానమును నింపుటకు నడిమి నీరు అంచువైపు ప్రవహించుచు, రేణువులను మోసికొని పోవునని 1997లో చికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వివరించిరి.

ఇక డిస్టెంపరు, ఎమల్షను అనునవి నీటితో కలిపిన రంగులు. ఆ నీరే మరకను నానబెట్టి, కరగించి, కొత్త పూత పైకి లాగును. కావున ఎన్ని పూతలు వేసినను అన్నిమారులు మరకకు నీరు పోసినట్లే. నీటికి కరగని పొర యొకటి నడుమ ఉండవలెను.

అంతకుముందు చేయవలసిన పని వేరొకటి కలదు. మరక అంచు వెంబడి పెన్సిలుతో గీత గీసి, ప్రక్కన తేదీ వేయుడు. తరువాతి వానకు మరక గీత దాటినచో నీరింకను దిగుచున్నదన్నమాట. వాన లేని దినములలోను పెరిగినచో పైయంతస్తు స్నానాలగదినో, నీటిగొట్టమునో అనుమానింపవలెను. మేడమీద తూము ఆకులతో పూడినదేమో, పిట్టగోడ మొదట పగులున్నదేమో చూడుడు. సగము ఇండ్లలో దొంగ అక్కడనే యుండునని నా నమ్మకము.

మరక ఎఱ్ఱగా తుప్పురంగులో నుండి, చువ్వల వెంబడి పగులు కనిపించినచో, లేదా తట్టిన డొల్లమ్రోత వచ్చినచో, అది రంగుతో తీరు పనికాదు. తుప్పు ఇనుముకంటె హెచ్చు చోటు నాక్రమించును. ఆ ఒత్తిడికి సిమెంటు పెచ్చులుగా ఊడును. క్రింద పసిబిడ్డ ఉయ్యెల యుండవచ్చును. మంచములను అచటినుండి జరిపి, వెంటనే ఇంజనీరును పిలిపింపుడు. పంకా కొక్కెము చుట్టు చెమ్మయున్నచో మెయిను ఆపి, కొక్కెమును, తీగలను పరీక్షింపించిన తరువాతనే పంకా వేయవలెను. అట్టి గుర్తులను లప్పముతో పూడ్చి తెల్లరంగు పూసినవాడు పండుగకు మేలు చేసినట్లే కనిపించును గాని, ఆ యింటివారికి ముందుగా తెలియవలసిన ప్రమాదమును దాచినవాడగును.

ఉరుపు కట్టిన పిదప కప్పు ఆరవలెను. అడుగు చదరము ప్లాస్టికు కాగితమును నాలుగంచులు అంటించి ఒక పగలు, ఒక రాత్రి ఉంచుడు. లోపలివైపు నీటిబొట్లు పట్టినచో ఇంకను ఆగవలెను. నెల్లూరువైపు నవంబరు తుపానులు గడచి, సంక్రాంతి తరువాతనే ఈ పని పెట్టుకొనుట మంచిది. కొత్తగా సిమెంటు అతికినచోట కనీసము నెల దినములు ఆరనీయవలెను. తెల్లని ఉప్పు పూచినచో పొడికుంచెతో దులుపవలెను. కడిగినచో అది కరగి మరల లోనికే దిగును.

నీటికి కరగని పొరకు మన అడవిసరకే అక్కరకు వచ్చును. మోదుగ, రేగు మున్నగు చెట్లపై పురుగులు చేయు లక్క నీటికి కరగదు, స్పిరిటుకు కరగును. వడ్రంగులు పాలిషుకు వాడు మామూలు లక్కలో మైనముండును గనుక దానిమీద నీటిరంగు గట్టిగా పట్టదు. తెల్లరంగు కలిపిన లక్క ప్రైమరు దొరకినచో అది మేలు, లేనిచో నూనె ప్రైమరు. లేచిన పొరలను గోకి, మరకకు జానెడు వెలుపలివరకు రెండుపూతలు వేయవలెను. స్పిరిటు ఆవిరి నిప్పంటుకొనును. కిటికీలు తెరచి, పొయ్యి, దేవునిదీపము ముందే ఆర్పుడు. వట్టి సున్నము వేయు ఇండ్లలో ఈ ప్రైమరు పనికిరాదు. నునుపైన పొరమీద సున్నము నిలువదు. అచట మరకపట్టిన పాత సున్నపుపొరలను గోకివేసి, మరల వెల్లవేయుటయే దారి.

ప్రైమరు ఆరిన పిమ్మట రంగు ఆ మరకమేరకే వేయింపక, కప్పంతయు వేయింపుడు. లేనిచో పాత మరక స్థానమున కొత్త తెల్లమచ్చ కనిపించును.