చీనా వైద్యమున ప్రాణమార్గముల లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పట్టణములకు వెళ్ళివచ్చువారు ‘ఆక్యుపంక్చర్’ అని వ్రాసిన బల్లలను చూచియే యుందురు. ఆ వైద్యుల గదులలో గోడకు ఒక మనుష్యుని బొమ్మ వ్రేలాడుచుండును. తల మొదలు కాలివ్రేళ్ళ వఱకు ఆ బొమ్మపై గీతలు, గీతలపై చుక్కలు. అవి రక్తనాళములని కొందఱును, నరములని కొందఱును అనుకొందురు. రెండును కావు. దేహమున ‘చీ’ యను ప్రాణశక్తి ప్రవహించుచున్నదనియు, ఆ ప్రవాహమునకు నియతమైన మార్గములు కలవనియు చీనా దేశపు పూర్వులు భావించిరి. గీతలు ఆ మార్గములు. చుక్కలు సూది గ్రుచ్చు తావులు. ‘మెరిడియన్లు’ అను పేరు ఇరువదవ శతాబ్దమున సూల్యే ద మొరాన్ అను ఫ్రెంచి రచయిత వలన వ్యాప్తికి వచ్చినది. భూగోళముపై ఊహించి గీచు గీతల కది పేరు. చీనావారి మూలశబ్దము ‘మై’. దానికి రక్తము పాఱు నాళమనియు, నాడి యనియు కూడ అర్థము కలదు. అనగా వారు ఊహాగీతను గాక, లోపల నిజముగా పాఱు కాలువనే చెప్పదలచిరి.

ఈ విద్యకు మూలగ్రంథము ‘హువాంగ్‌డీ నేజింగ్’. ఇది క్రీస్తుకు పూర్వము సుమారు మొదటి శతాబ్దమున కూర్పబడినదని పండితుల అభిప్రాయము. శౌనకాదులు అడుగగా సూతుడు చెప్పినట్లే, ఇందు పీతచక్రవర్తి ప్రశ్నించుచుండగా చీబో మొదలగువారు సమాధానము చెప్పుచుందురు. ‘లింగ్‌షూ’ అను భాగమున ప్రధాన మార్గములు పండ్రెండని యున్నది. మొదటిది ఊపిరితిత్తుల యొద్ద బయలుదేరి, చేతి లోపలివైపుగా బొటనవ్రేలికి చేరును. అచ్చట నుండి రెండవది చూపుడువ్రేలు పట్టుకొని ముఖమునకు ఎక్కును. మూడవది ముఖము నుండి పాదమునకు దిగును. నాలుగవది పాదము నుండి ఱొమ్మునకు తిరిగి వచ్చును. ఇట్లు ఒకదాని చివర మఱియొకటి అందుకొని, పండ్రెండవదియైన కాలేయమార్గము తిరిగి ఊపిరితిత్తులకు చేర్చును.

ఈ వర్ణన చేసినవారు నీటిపారుదల నెఱిగినవారని చెప్పక తీఱదు. పండ్రెండు మార్గములకు పండ్రెండు జలములను జత పఱచిరి. ఊపిరితిత్తుల మార్గమునకు పీతనది, పెద్దప్రేగు మార్గమునకు యాంగ్‌ట్సీ, కడుపు మార్గమునకు సముద్రము. వ్రేలికొనల చుక్కలకు ‘బావి’ యని పేరు. మోచేతి యొద్దను, మోకాలి యొద్దను ఉన్న చుక్కలకు ‘సంగమము’ అని పేరు. కాలువ పూడినచోట పై చేనికి ముంపు, క్రింది చేనికి ఎండ. రోగమనగా అదియే, సూది ఆ పూడిక తీయు పాఱ వంటిది. పల్లెవాసికి ఇంతకంటె సుబోధకమైన శాస్త్రము మఱియొకటి యుండునా?

ఇక లెక్క. ‘లింగ్‌షూ’లో మార్గముల పొడవులు అడుగులతో సహా ఈయబడినవి. చీనా అడుగునకు పది అంగుళములే. చేతులలో ‘యాంగ్’ మార్గములు ఇరుప్రక్కల కలిపి ఆఱు, ఒక్కొక్కటి 5 అడుగులు, వెరసి 30. చేతులలో ‘యిన్’ మార్గములు ఆఱు, మూడున్నర చొప్పున 21. కాళ్ళలో యాంగ్ ఆఱు, 8 చొప్పున 48. కాళ్ళలో యిన్ ఆఱు, ఆఱున్నర చొప్పున 39. చీలమండల నుండి ఎక్కు మార్గములు రెండు, ఏడున్నర చొప్పున 15. దేహమధ్యమున ముందొకటి, వెనుకొకటి, నాలుగున్నర చొప్పున 9. మొత్తము 162 అడుగులు. గ్రంథమున నున్న మొత్తమును సరిగా ఇదియే. ఒక్క అంగుళము తేడా లేదు.

లెక్క అంతటితో ఆగలేదు. ఒక్క ఉచ్ఛ్వాస నిశ్వాసములో చీ ఆఱంగుళములు నడచునట. 162 అడుగులు నడచుటకు 270 శ్వాసలు. ఒక అహోరాత్రమున 50 చుట్లు. కావున 13,500 శ్వాసలు. కూడికయు గుణకారమును నిర్దుష్టములు. కాని అహోరాత్రమునకు 1,440 నిమిషములు. 13,500 శ్వాసలనగా నిమిషమునకు తొమ్మిదికి కొంచెము పైన. ఆరోగ్యవంతుడు ఊరక కూర్చుండినప్పుడు సాధారణముగా నిమిషమునకు 12 మొదలు 20 సార్లు ఊపిరి తీయును. మన యోగగ్రంథములు చెప్పు 21,600 శ్వాసలు నిమిషమునకు 15 అగుచున్నవి. అది మనుష్యుని ముక్కునకు సరిపోవుచున్నది. చీనావారి అడంగలులో మొత్తములు కుదిరినవి గాని, చేలోనికి దిగి గొలుసు వేసినప్పుడు కుదురలేదు.

ఎందు వలన? పైన కూడిన మార్గములు ఇరువది యెనిమిది. ఆకాశమున చీనావారి నక్షత్రములును ఇరువది యెనిమిదియే. ఈ సామ్యమును గ్రంథమే స్పష్టముగా చెప్పుచున్నది. 1973లో హునాన్ రాష్ట్రమున మావాంగ్‌డుయి యొద్ద, క్రీస్తుకు పూర్వము 168లో మూసిన సమాధి నుండి పట్టుగుడ్డపై వ్రాసిన వైద్యగ్రంథములు బయటపడినవి. వానిలో మార్గములు పదునొకండే. అవి ఒకదానితో నొకటి కలిసి చక్రముగా తిరుగవు. వానిపై సూది మాట లేదు. మూలికను కాల్చి వేడి తగిలించుటయే కలదు. పదునొకండు తరువాత పండ్రెండైనది, విడివిడి కాలువలు ఒకే చక్రమైనవి. లోకమున పండ్రెండు నదులు, పండ్రెండు నెలలు ఉండగా దేహమున ఒకటి తక్కువైన బాగుండదని తోచియుండును. ఈ పండ్రెండింటిలో ‘త్రితాపకము’ అనదగిన యొక అవయవపు మార్గము కలదు. ఆ అవయవమునకు పేరే కాని రూపము లేదని వారి ‘నాన్‌జింగ్’ గ్రంథమే ఒప్పుకొన్నది. పట్టా యున్నది, భూమి లేదు!

చీనావారు దేహమును కోసి చూడనే లేదనుట అన్యాయము. చచ్చినవానిని కోసి చూడవచ్చునని ‘లింగ్‌షూ’యే చెప్పినది. క్రీ.శ. 16లో వాంగ్ మాంగ్ చక్రవర్తి ఆజ్ఞపై ఒక అపరాధి దేహమును కోసి, సన్నని వెదురుపుల్లలు నాళములలో దూర్చి, వాని మొదలు తుద కనుగొనిరని చరిత్రలో వ్రాయబడియున్నది. కాని విద్య ఆ త్రోవను సాగలేదు. 1027లో వాంగ్ వేయీ అను రాజవైద్యుడు నిలువెత్తు కంచువిగ్రహములు రెండు పోయించి, వానిపై చుక్కలకు రంధ్రములు పెట్టించెను. పరీక్షనాడు విగ్రహమునకు మైనము పూసి, లోపల నీరు నింపెడివారట. శిష్యుని సూది సరియైన చోట దిగినచో నీరు చిమ్మును. చక్కని పరీక్షయే, కాని అందు తేలునది శిష్యుడు పుస్తకమును నేర్చెనా లేదా యనునదే. పుస్తకమునకు పరీక్ష ఏదీ?

ఆ పరీక్ష పెట్టదలచినవాడు వాంగ్ చింగ్‌రెన్. 1797లో అంటురోగమున పిల్లలు చచ్చుచుండగా, బీదలు శవములను లోతుగా పాతలేదు; కుక్కలు వానిని పెకలించెను. ఆయన పదిదినములు ప్రతి ఉదయమును ఆ శ్మశానమునకు వెళ్ళి, అసహ్యమును దిగమ్రింగి, అవయవములను పరిశీలించెను. చూచినది చూచినట్లు 1830లో గ్రంథముగా ప్రకటించి, పూర్వుల చిత్రములు తప్పులనెను. ఆయనయు పొరపడినాడు: శవములలో ధమనులు ఖాళీగా నుండుట చూచి, వానిలో చీయే యుండునని వ్రాసెను. అయినను తన కన్నును తాను నమ్ముకొన్న ఆ ధైర్యము నమస్కరింపదగినది.

మఱి సూది వలన ఫలము లేదా? ఈ ప్రశ్నకు పుస్తకము గాక రోగియే సాక్షి. జర్మనీలో నడుమునొప్పి గల 1,162 మందిని మూడు తెగలు చేసి పరీక్షించి, ఫలితమును 2007లో ప్రకటించిరి. శాస్త్రోక్తముగా చుక్కలలో సూది పొందినవారిలో నూటికి 47.6 మందికి ఆఱునెలలకు గుణము కనబడినది. చుక్కలు కాని చోట పైపైన గ్రుచ్చినవారిలో 44.2 మందికి. సూది లేక మామూలు చికిత్స పొందినవారిలో 27.4 మందికి మాత్రమే. సూది చేయించుకొన్నవారికి మేలు కలిగినది. గీతపై గ్రుచ్చినను గీత తప్పి గ్రుచ్చినను ఇంచుమించు సమానముగా కలిగినది. శ్రద్ధగా చేయివేసి చూచు వైద్యుడును, తగ్గునను నమ్మికయు ఇందు ఎంత పాలు పంచుకొన్నవో ఆలోచింపవలసియున్నది. నడుమునొప్పికి దొరకిన ఈ ఫలితమును పట్టుకొని గుండెనొప్పితోనో, క్షయతోనో ఉన్నవానిని సూదులవానియొద్ద కూర్చుండబెట్టుట ప్రాణాపాయము. ఱొమ్మున అజాగ్రత్తగా లోతుగా గ్రుచ్చిన సూది ఊపిరితిత్తికే తగిలిన సందర్భములును వైద్యపత్రికలలో కలవు.

చుక్కల లెక్క నేటికిని ముగియలేదు. 1991లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 361 చుక్కలను ప్రమాణముగా ప్రకటించినది. 2006లో చీనా ప్రభుత్వము తన పట్టికలో ఇంకొకటి చేర్చి 362 చేసినది. ఆ చేర్చినది కనుబొమల నడుమ, మన స్త్రీలు బొట్టు పెట్టుకొను చోటు.