రాజ్యానికి గుర్తింపు, మనిషికి గుర్తింపు
(సి.బెళగల్‌లో చేసిన ప్రసంగ పాఠం)

 

మన మండలపు సరిహద్దున తుంగభద్ర ఒడ్డుకు వెళ్లి చూస్తే ఆవల కనిపించేది గద్వాల సీమ. 1948 వరకు అది నిజాం రాజ్యం. ఈవలి ఆదోని సీమను నిజాం 1800లోనే కుంఫిణీకి దత్తం చేశాడు. కనుక 1947 ఆగస్టు 15న ఈ ఒడ్డున ఉన్న ముస్లిం స్వతంత్ర భారతదేశంలో ఉన్నాడు. ఆ ఒడ్డున ఉన్నవాడిది ఏ దేశమో ఇంకా తేలలేదు. నడుమ ఉన్నది ఒక్క ఏరు మాత్రమే.

బ్రిటిష్ వారు వెళ్లిపోగానే తాను స్వతంత్రుడనని నిజాం 1947 జూన్‌లోనే ప్రకటించాడు. అయితే రాజ్యం అనేది తనంత తాను ప్రకటించుకున్నంత మాత్రాన నిలవదు. ఇతర రాజ్యాలు ఔనని ఒప్పుకోవాలి. ప్రత్యేక డొమినియన్ హోదాకు బ్రిటన్ అంగీకరించలేదు. నవంబరు 29న భారత ప్రభుత్వంతో ఏడాది కాలానికి యథాతథ ఒప్పందం కుదిరింది. మున్షీ ఏజెంట్ జనరల్‌గా హైదరాబాదుకు వచ్చారు. పాకిస్తానుకు ఇచ్చిన 20 కోట్ల రూపాయల అప్పు, సంస్థానంలో భారత నాణెంపై ఆంక్షలు, రజాకార్ల ఆగడాలు, సరిహద్దు దిగ్బంధం, ఇలా తగవులు పెరిగాయి. 1948 ఆగస్టు 21న హైదరాబాదు ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. సెప్టెంబరు 13న సైన్యం ప్రవేశించింది. 16న పారిస్‌లో మండలి ఆ ఫిర్యాదును విచారణకు తీసుకున్నది. మరునాడే నిజాం లొంగిపోయాడు. ఆ నెలలోనే ఫిర్యాదును ఉపసంహరించుకున్నాడు.

మిత్రులారా, అంతటితో దౌత్యపు కాగితం మూసుకుపోయింది. మనుషుల లెక్క మాత్రం మూసుకుపోలేదు. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ సంఘం, ఆ చర్య సమయంలోనూ తరువాతా 27,000 నుండి 40,000 మంది వరకు ప్రాణాలు కోల్పోయి ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. పొరుగు ముస్లింలను ఇళ్లలో దాచి కాపాడిన హిందువులూ ఉన్నారని ఆ నివేదికే చెప్పింది. ఈ రెండూ మనం కలిపి చెప్పాలి.

గుర్తింపు కోరినవాడు నిజాం. కత్తి పట్టినవారు రజాకార్లు. మూల్యం చెల్లించినవారిలో ఎక్కువమంది ఆ నిర్ణయంలో ఏ పాత్రా లేని రైతులు, కూలీలు, చిరువ్యాపారులు. రజాకార్లను ఎదిరించి విలీనం కోరిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాదు నడివీధిలో హత్య చేశారు. ఆయనా ముస్లిమే. ప్రతి సెప్టెంబరు 17న మన పిల్లలను నిలదీసేవారికి ఈ పేరు వినయంగా గుర్తు చేయండి. రజాకార్ల దౌర్జన్యానికి గురైన కుటుంబాల బాధనూ అంతే వినయంగా ఒప్పుకోండి. ఒకరి గాయాన్ని దాచి మన గాయాన్ని చూపితే న్యాయం అనిపించుకోదు.

యుగోస్లావియా చీలుతున్న రోజుల్లో, 1991 డిసెంబరులో, ఐరోపా దేశాలు ఒక నియమం పెట్టుకున్నాయి: కొత్త రాజ్యం గుర్తింపు కోరితే, తనలోని అల్పసంఖ్యాకుల హక్కులకు ముందుగా హామీ ఇవ్వాలి. ఆచరణ ఎలా ఉన్నా, ఆ సూత్రం సరైనది. రాజ్యానికి గుర్తింపు దాని జెండా వల్ల కాదు, దాని నీడన బలహీనుడు ఎలా బ్రతుకుతున్నాడన్న దానివల్ల రావాలి. మన రాజ్యాంగంలోని 14, 25, 29, 30 అధికరణాలు చెప్పేదీ ఇదే.

నేను గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఒకే మనిషి రేషను కార్డులో ‘ఖాదర్ బాషా’, ఓటరు జాబితాలో ‘కాదర్ బాష’, పొలం పాసుపుస్తకంలో ‘ఖాదరయ్య’ కావడం నా బల్ల మీదనే చూశాను. రాజ్యాల గుర్తింపు మన చేతిలో లేదు. మన గుర్తింపు కొంతైనా ఉంది. ప్రతి ఇంటా జనన పత్రాలు, ఓటరు జాబితా, ఆధార్ ఒకచోట పెట్టి పేర్లు సరిపోల్చండి. తప్పుంటే అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. పొరుగింటి పెద్దమ్మకు చదువు రాకపోతే, ఆమె ఏ మతస్థురాలైనా, ఆమె అర్జీ కూడా మీరే వ్రాయండి.

నది ఏ ఒడ్డున ఉన్నా మనిషి మనిషే. ఖుదా హాఫిజ్.