వెనుదిరగడమూ తవక్కులే

సర్వ స్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, వారి కుటుంబీకుల పైనా, సహచరులందరి పైనా శాంతి శుభాలు వర్షించుగాక!

మాన్య సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండమని ముందుగా నాకూ, పిదప మీకూ హితవు చెబుతున్నాను.

వర్షాకాలంలో మన యువకులు గుట్టలెక్కడానికీ, జలపాతాలు చూడడానికీ బయలుదేరుతారు. అల్లాహ్ సృష్టిని చూసి ఆయన మహిమను స్మరించడం మంచి పనే. అయితే దారి మధ్యలో ఆకాశం నల్లబడినప్పుడు, "ఇంత దూరం వచ్చి తిరిగిపోతామా?" అని ఒకడంటాడు. "అల్లాహ్‌పై భారం వేసి పదండి" అని మరొకడంటాడు. ఈ రెండవ మాట విశ్వాసంలా వినిపిస్తుంది. అది నిజంగా విశ్వాసమేనా?

2023 జూలైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతానికి వెళ్లిన పదుల కొద్దీ పర్యాటకులు, తిరుగుదారిలో వాగు పొంగడంతో రాత్రివేళ అడవిలో చిక్కుకుపోయారు. సహాయక దళాలు శ్రమించి వారిని బయటకు తెచ్చాయి. కొండపై కురిసిన వాన, మనం నిలిచిన చోట చినుకు లేకపోయినా, కింది వాగును నింపుతుంది. వెళ్లేటప్పుడు మోకాలి లోతున్న నీరు వచ్చేటప్పుడు మనిషిని ఈడ్చుకుపోతుంది.

1996 మే 10న ఎవరెస్టుపై జరిగినదీ ఆలోచింపదగినదే. ఫలానా వేళకు శిఖరం చేరకపోతే వెనుదిరగాలన్న నియమం అక్కడ అందరికీ తెలుసు. శిఖరం కళ్లెదుటే ఉండడంతో పలువురు ఆ వేళ మీరి ముందుకు సాగారు. తుపాను కమ్ముకొని, ముగ్గురు భారతీయులతో సహా ఎనిమిది మంది మరణించారు. అదే ఉదయం, ఆలస్యమవుతున్నదని గ్రహించి మధ్యాహ్నానికి ముందే దిగిపోయిన ముగ్గురు ప్రాణాలతో ఇళ్లకు చేరారు.

సోదరులారా! హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరేసరికి, అక్కడ ప్లేగు ప్రబలిందన్న వార్త అందింది. ఆయన ముహాజిర్లను, అన్సార్లను, ఖురైష్ పెద్దలను వరుసగా సంప్రదించి, వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ విధివ్రాత నుండి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) అడిగారు. ఒక విధివ్రాత నుండి అల్లాహ్ యొక్క మరో విధివ్రాత వైపుకే వెళ్తున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. ఒక లోయలో ఒకవైపు పచ్చిక, మరొకవైపు బీడు ఉంటే, ఒంటెలను ఏ వైపు మేపినా అది అల్లాహ్ విధివ్రాతే కదా అని వివరించారు. తెగువలో ఉమర్ (రజి)కి సాటి ఎవరు? ఆయన వెనుదిరిగితే అది పిరికితనమవుతుందా?

నమాజు విషయంలోనే షరీఅత్ మనకు ఈ వెసులుబాటు ఇచ్చింది. మక్కా సమీపంలోని దజ్నాన్ కొండ వద్ద, చలిగాలులు వీచే రాత్రి, ఇబ్నె ఉమర్ (రజి) అజాన్ ఇచ్చి, ఎవరి విడిదిలో వారు నమాజు చేసుకోండని ప్రకటించారు. ప్రయాణంలో చలి, వాన ఉన్న రాత్రులలో దైవప్రవక్త (స) అలాగే ప్రకటన చేయించేవారని తెలిపారు. వాన కారణంగా జమాఅత్‌కే రుఖ్సత్ ఉన్నప్పుడు, విహారయాత్రను మానుకోవడానికి సిగ్గెందుకు? ప్రాణం మన సొత్తు కాదు, అల్లాహ్ అప్పగించిన అమానత్.

కనుక యువకులారా! ముగ్గురు ప్రయాణమైతే ఒకరిని అమీరుగా ఎన్నుకోమన్న ప్రవక్త ఆదేశాన్ని పాటించండి. ఎన్ని గంటలకు వెనుదిరగాలో ఇంటి వద్దనే నిశ్చయించుకొని, వెళ్లే చోటు పెద్దలకు తెలియజేయండి. అలసిన తోటివాడు "ఇక చాలు" అంటే ఎగతాళి చేయకండి. ఆ ఎగతాళికి జడిసి వాడు వేసే అడుగుకు మీరూ బాధ్యులే.

తల్లిదండ్రులారా! బిడ్డ శిఖరం చూడకుండానే తిరిగి వస్తే "అంత దూరం పోయి ఏం లాభం?" అనకండి. గుమ్మంలో నిలిచిన బిడ్డను చూసి అల్‌హమ్దులిల్లాహ్ అనండి. కొండ ఎక్కడికీ పోదు.

ఓ అల్లాహ్! ముందుకు సాగవలసిన చోట ధైర్యాన్నీ, ఆగవలసిన చోట వివేకాన్నీ మాకు ప్రసాదించు. ప్రయాణంలో ఉన్న మా బిడ్డలను క్షేమంగా ఇళ్లకు చేర్చు. ఆమీన్.