మాత్ర మారినపుడు మాసధర్మము

(మన సంఘ మహిళా సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



నేడు మేము ప్రస్తావింపబోవు విషయము సభలలో తరచుగా వినబడునది కాదు. గర్భనిరోధక మాత్రలను ఒక రకమునుండి మరియొక రకమునకు మార్చుకొన్న స్త్రీల నెలసరిలో కలుగు మార్పులే నేటి విషయము. ఈ మార్పుల నెరుగక భయపడి, ఎవరితోను చెప్పుకొనలేక, మాత్రలు మానివేసిన స్త్రీకి కోరని గర్భము రావచ్చును. కావున సంకోచము విడిచి మాటలాడుకొనుట మేలు.

తరతరములుగా చెన్నపురిలో స్థిరపడిన మన యిండ్లలో దీనికి మాటలు లేకపోలేదు. తెలుగున ‘బయట చేరినది’ అందుము. పొరుగువారు అరవమున ‘వీట్టుక్కు దూరం’ అందురు. రెండును ఆమె యెచట కూర్చున్నదో తెలుపునవే గాని ఆమె శరీరమున నేమి జరుగుచున్నదో తెలుపునవి కావు. ఈ నగరమునుండియే 1928లో డాక్టరు కె.ఎన్. కేసరిగారు ‘గృహలక్ష్మి’ మాసపత్రికను ప్రారంభించిరి. స్త్రీల ఋతుబాధలకై వారు తయారుచేసిన ‘లోధ్ర’ తెలుగు గృహములలో పేరు వడసినది. అమ్మమ్మల కాలమున మందు పేరు పలుకుటకు లేని సిగ్గు మనకేల?

ముందుగా మాసధర్మ మెట్లు కలుగునో తెలిసికొందము. ప్రతి మాసము అండాశయమునుండి వెలువడు హార్మోనుల వలన గర్భాశయపు లోపలి పొర మందమగును. గర్భము నిలువనిచో ఆ హార్మోనులు తగ్గి, పొర ఊడి రక్తముతో వెలికి వచ్చును. ప్రభుత్వ కేంద్రములలో ఉచితముగా నిచ్చు ‘మాలా-ఎన్’ వంటి మాత్రలలో రెండు హార్మోనులు కలవు. అవి అండము విడుదల కాకుండ నాపును. అట్టలో 28 మాత్రలుండును: 21 హార్మోను మాత్రలు, 7 ఇనుము మాత్రలు. ఇనుము మాత్రలు వాడు దినములలో హార్మోను అందదు గనుక రక్తస్రావము కలుగును. అది మాత్ర నాపినందున వచ్చు స్రావమే గాని సహజమైన ముట్టు కాదు. పొర పలుచబడి యుండును గనుక స్రావము కొలదిగా నుండుట సహజము. “చెడురక్తము లోపలనే నిలిచిపోయినది” అను మాటకు ఆధారము లేదు. నిలుచుటకు అచట పేరుకొన్న దేదియు లేదు.

ఇక నొక కంపెనీ మాత్రనుండి వేరొకదానికి మారినపుడు ఏమగును? హార్మోను రకము గాని పాలు గాని మారవచ్చును. క్రొత్త పాలునకు గర్భాశయపు పొర అలవడు వరకు నడుమ నడుమ రక్తపు మచ్చలు కనబడవచ్చును; స్రావము ముందుగానో ఆలస్యముగానో రావచ్చును. ఇది సాధారణముగా మూడు మాసములలో సర్దుకొనును. గర్భనిరోధక మాత్రకు అమెరికాలో 1960లో అనుమతి లభించెను. నాటి మాత్రలో హార్మోను పాళ్లు నేటివాటికంటె ఎన్నోరెట్లు హెచ్చు. రక్తనాళములలో గడ్డ కట్టు అపాయమును తగ్గించుటకై క్రమముగా పాళ్లు తగ్గించిరి. పాలు తగ్గినకొలది అపాయము తగ్గినది. నడుమ మచ్చ కనబడుట కొంత హెచ్చినది. మచ్చ కనబడినంత మాత్రమున మందు పనిచేయుట లేదని తలంపరాదు.

మార్చునపుడు పాత అట్టకును క్రొత్త అట్టకును నడుమ ఖాళీ దినము లుంచరాదు. ప్రతిదినము ఒకే వేళకు మాత్ర వేసికొనవలెను. ఒకటి మరచినచో జ్ఞప్తికి వచ్చినంతనే వేసికొనవలెను. ఆనాడు రెండు వేసికొనవలసి వచ్చినను తప్పులేదు. వరుసగా రెండు గాని అంతకు మించి గాని మరచినచో, మాత్రలు కొనసాగించుచునే ఏడు దినములు నిరోధ్ కూడ వాడవలెను. వాంతులు, విరేచనములు, క్షయరోగమునకు వాడు రిఫాంపిసిన్, మూర్ఛకు వాడు కొన్ని మందులు మాత్ర బలమును తగ్గించును. ఈ సంగతి వైద్యురాలికి తప్పక తెలుపవలెను.

మన దేశమున మరియొక మార్పు తరచుగా జరుగుచున్నది. అది మాలా-ఎన్ నుండి ‘ఛాయ’కు మారుట. ఛాయలోని మందును లక్నో కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థలో డాక్టరు నిత్యానంద్ నాయకత్వమున కనుగొనిరి. అది 1991లో ‘సహేలి’ అను పేర విపణిలోనికి వచ్చినది. ఇందు హార్మోను లేదు. మొదటి మూడు మాసములు వారమునకు రెండుమార్లు, పిమ్మట వారమున కొకమారు వేసికొనవలెను. మాలా-ఎన్ వాడిన స్త్రీకి నెలసరి గడియారమువలె నడచును. ఛాయ అట్లు కాదు. ఇందు ఇనుము మాత్రల వారము లేదు. కొందరికి ముట్టు ఆలస్యమగును, స్రావము తగ్గును. మొదటి మాసములలో ఇది హెచ్చుగా కనబడును. తేదీ దాటినంతనే మాత్ర నాపరాదు. అయితే 15 దినములకు మించి ఆలస్యమైనచో, గర్భము కాదని పరీక్షచేత నిర్ధారించుకొనవలెను. అండాశయమున నీటితిత్తులున్నవారును, కామెర్లు సోకినవారును వైద్యురాలి నడుగక ఛాయను ప్రారంభింపరాదు.

అన్ని మార్పులును నిరపాయములని మా అభిప్రాయము కాదు. మూడు మాసములు గడచినను మచ్చలు ఆగకున్నను, గుడ్డలు తడిసిపోవునంతటి స్రావమైనను, కలయిక పిమ్మట రక్తము కనబడినను వైద్యపరీక్ష అవసరము. హార్మోను మాత్ర వాడువారికి పిక్కలో తీవ్రమైన నొప్పి, వాపు, రొమ్మునొప్పి, ఆయాసము, చూపు మసకబారుట, మున్నెన్నడు లేని తలనొప్పి కలిగినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. రక్తపుపోటు గలవారును, ఆరు మాసములలోపు బిడ్డకు పాలిచ్చు తల్లులును ఆ మాత్రలు సొంతముగా ప్రారంభింపరాదు.

పెద్దలైన తల్లులకు ఒక మనవి. కోడలి దినములను లెక్కించు అలవాటు మన యిండ్లలో కలదు. తేదీ దాటినంతనే “విశేషమా?” యని పదిమందిలో అడిగినచో, మాత్ర వాడు సంగతి దాచుకొన్న పడతి యేమని చెప్పగలదు? ఆనాటినుండి ఆమె మాత్రను దాచును, మరచును, తుదకు మానును. దినములు లెక్కించుట మానకున్నను మేలే; ఆ లెక్క ఆమె చేతిలోనే, ఆమె పంచాంగము మీదనే యుండనిండు. మాత్ర మారిన తేదీ, మచ్చ కనబడిన తేదీ, మరచిన తేదీ ఆమె వ్రాసియుంచినచో వైద్యురాలికి అంతకుమించిన సాయము లేదు.

ఎగ్మూరులోని స్త్రీల, శిశువుల ఆసుపత్రియు, తిరువల్లిక్కేణిలోని కస్తూరిబా ఆసుపత్రియు మనకు సమీపముననే కలవు. దుర్గాబాయమ్మగారు స్థాపించిన ఆంధ్ర మహిళా సభ ఆసుపత్రి అడయారులో కలదు. పోవునపుడు పాత అట్టను, క్రొత్త అట్టను రెంటిని వెంట తీసికొనిపొండు. అరవమున మాట తడబడినచో అట్టయే మీ పక్షమున మాటలాడును. అక్కడ సిగ్గుపడి, “ఏమియు లేదు, ఒంటిలో నలతగా నున్నది” అని తిరిగి రాకుడు. నెలసరి యెట్లు మారినదో సూటిగా చెప్పుడు. తల్లి చెప్పగా విన్న కూతురు రేపు తన కూతురికి చెప్పును.