పేరు మనది, వాడకం ఇంకొకరిది
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)

పొదుపు, లింకేజీ లెక్కలు నివేదికలో ఉన్నాయి, చూసుకోండి. మేము ఒక్క సంగతి చెప్పాలని వచ్చాం.

మా సభ్యురాలి కూతురు నిరుడు బ్యాంకు క్లర్కు పరీక్ష పాసైంది. వీధంతా మిఠాయి పంచారు. తీరా చేరే ముందు కాగితాలు చూసి, పిల్ల పేరు మీద బాకీ ఉందన్నారు. ఏం బాకీ? మూడేళ్ల కింద తమ్ముడికి వాయిదాల మీద సెల్‌ఫోన్ కొన్నారు. పాన్ కార్డు ఆ పిల్లకే ఉందని ఆమె పేరున రాయించారు. ఫోన్ పగిలాక చివరి మూడు కిస్తీలు ఎవరూ కట్టలేదు. మొత్తం 4,650 రూపాయలు!

బ్యాంకు ఉద్యోగాల ప్రకటనల్లో ఈ షరతు ఉంటుందట. సిబిల్ నివేదికలో బాకీ కనిపిస్తే చేరేలోపు సరిచేయించుకోవాలి, లేదా అప్పిచ్చిన వాళ్ల నుంచి బాకీ లేదన్న పత్రం తేవాలి. లేకుంటే ఉద్యోగం వెనక్కి పోవచ్చు. సిలబస్ చదివే పిల్లలు ఇది ఎక్కడ చదువుతారు? 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు ముందుకూ ఇలాంటి కేసే వచ్చింది. పాత అప్పులన్నీ తీర్చేశానని అభ్యర్థి చెప్పుకున్నా, స్టేట్ బ్యాంకు నియామకం రద్దు చేయడం సరైనదేనని కోర్టు తేల్చింది.

మేము ఆ రాత్రే కూర్చుని అంతర్గత అప్పు కింద డబ్బిచ్చాం. కట్టడం ఒక్క పూట పని. పత్రం కోసం మాత్రం తల్లీకూతుళ్లు పదకొండు రోజులు తిరిగారు. గడువుకు రెండు రోజుల ముందు చేతికొచ్చింది. ఆ పదకొండు రోజులూ ఆ ఇంట్లో అన్నం సయించలేదు.

తమ్ముణ్ణి అందరూ తిట్టారు. మరి మనమో? 'నీ పేరున తీసుకో, కిస్తీ నేను కడతా' అనే మాట మన సంఘాల్లో లేదా? మాలో ఇద్దరం అలా తీసి ఇచ్చినవాళ్లమే. అప్పు సంఘం పేరున ఉంది గదా, మన పేరు ఎక్కడికీ పోదనుకున్నాం. సభ్యుల వారీ వివరాలు కూడా రుణ సమాచార సంస్థలకు పంపాలని రిజర్వు బ్యాంకు 2016లోనే ఆదేశించింది.

తల్లి బాకీ కూతురి పేరున పడదు, భయపడకండి. జామీను సంతకం పెట్టినా, ఉమ్మడిగా తీసుకున్నా మాత్రం పడుతుంది.

ఏడాదికోసారి ఆ సంస్థలు పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. తప్పుంటే ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో తేల్చాలి, దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలున్న ఇళ్లకు మేము ముందుగా తీయిస్తున్నాం. ఒకామెకు ఎప్పుడో తీర్చిన అప్పు ఇంకా బాకీగానే కనిపించింది, ఫిర్యాదు పెట్టాం.

మీకూ తీయించాలంటే పాన్ కార్డు, బ్యాంకులో ఇచ్చిన నంబరున్న ఫోను పట్టుకుని భోజనాలయ్యాక మా బల్ల దగ్గరికి రండి.