పాత మోటారు పడవకు తగిన వేగము
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభదినమున నన్ను భారతమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. వారి క్షమ వేడి, మన రేవులోని పాత మోటారు పడవను గూర్చి మాటలాడ నిశ్చయించుకొంటిని. పుస్తకమునకును పడవకును మన దేశమున పాత చుట్టరికము కలదు. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పడవ గ్రంథాలయము నడపిరి. నేడు మన లంకలోని బడిపిల్లలు మన పుస్తకములను చంకనిడుకొని ఆ పాత పడవ మీదనే పట్టణపు రేవునకు పోవుచున్నారు.

మొదట నా తప్పు చెప్పుకొందును. ఏడేండ్ల క్రిందట పట్టణములో లెక్కలు ఒప్పజెప్పవలసిన గడువు ముంచుకొనిరాగా, “ఇంకా వేగం పెంచవయ్యా” అని సరంగును పలుమారు తొందరపెట్టితిని. ఆయన వలదనియు, తుదకు నా పెద్దరికమునకు లొంగి మీటను కొసదాక నెట్టెను. ఏటి నడుమ ఇంజను కాగి, పొగలు గ్రక్కి, ఆగిపోయెను. అదరిన పలకల అతుకులనుండి నీరు ఊరజొచ్చెను. లంగరు నేల పట్టినందున బ్రదికితిమి. ఆనాడు పడవలో పదునొకండుగురు పిల్లలుండిరి. వారి ముఖములు నేటికిని నా కన్నుల యెదుటనే యున్నవి. నాటినుండియే నేను పడవ వేగమునకు లెక్క కట్ట మొదలిడితిని.

నీటిలో పోవు పడవ తన వెంట అలలను లేపును. వేగము పెరిగినకొలది అల పొడవు పెరిగి, తుదకు పడవ పొడవుతో సమానమగును. అప్పుడు వెనుక భాగము క్రుంగి, ముక్కు పైకి లేచి, పడవ తాను లేపిన అల మీదికే తాను ఎక్కబోవునట్లగును. అటుపై ఎంత డీజిలు కాల్చినను పెరుగునది అలయే గాని వేగము గాదు. 19వ శతాబ్దిలో ఇంగ్లండున విలియం ఫ్రూడ్ అను ఇంజనీరు నమూనా పడవలను నీటి తొట్టిలో లాగించి ఈ నిరోధమును పరిశోధించెను.

నీటిమీద తేలిపోవక నీటిని చీల్చుకొని పోవు బరువైన పడవలకు లెక్క సులభము. నీటిని తాకు పొడవును మీటర్లలో కొలిచి, దాని వర్గమూలమును నాలుగున్నరతో హెచ్చవేయవలెను. మన పడవ 9 మీటర్లు, వర్గమూలము 3, కనుక గంటకు 13.5 కిలోమీటర్లు దానికి కొసహద్దు. అందులో ముప్పాతిక, అనగా 10 కిలోమీటర్లు, పాత పడవకు తగిన నడక.

ఇక ఖర్చు చూడుడు. గంటకు కాలు డీజిలు ఇంచుమించు వేగపు ఘనమును అనుసరించి పెరుగును. 10 కిలోమీటర్ల దూరమును 10 వేగముతో పోయిన 60 నిమిషములు. 12 వేగముతో పోయిన 50 నిమిషములు. ఆ పది నిమిషములకు మనము చెల్లించు వెల, ప్రయాణమునకు నూటికి 44 వంతుల అదనపు డీజిలు. హద్దు సమీపించినకొలది ఆ వెల ఇంకను హెచ్చును. గట్టును కోయు అలయు, ఇంజను అరుగుదలయు వేరు.

అట్లని మరీ నెమ్మదియు మేలు గాదు. డీజిలు ఇంజను చాలినంత వేడెక్కనిచో మసి పట్టును. చుక్కాని మాట వినదు. కావున ఎవరి పడవకు వారే పరీక్షించుకొనవలెను. నీరు నిలకడగా నున్ననాడు తెలిసిన దూరమును పోను ఒకసారి, రాను ఒకసారి నడపి, రెండు వేగములకు సగటు కట్టవలెను. మీటను కొంచెము కొంచెముగా పెంచుచు వెనుకటి అలను చూడవలెను. వెనుక భాగము క్రుంగినను, నల్లని పొగ వచ్చినను, కొంత వెనుకకు తీయవలెను. ఎదురు ప్రవాహము 4 కిలోమీటర్లున్న, 10తో పోవు పడవకు గట్టు మీద కలిసివచ్చునది 6 మాత్రమే. ఆ లోటును ఇంజను చేత తీర్పింపక, అరగంట ముందుగా బయలుదేరుటయే వివేకము. వరదలో మాత్రము తగిన వేగమను మాటయే లేదు, పడవ కట్టివేయవలెను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద వరద గోదావరిలో విహార పడవ మునిగి అనేకులు ప్రాణములు కోల్పోయిన సంగతి మనము మరువరాదు.

కౌటిల్యుని అర్థశాస్త్రమున నావధ్యక్షుని ప్రకరణము కలదు. మనుష్యులును పరికరములును చాలకగాని, మరమ్మతు లేకగాని పడవ మునిగినచో నష్టమును నావధ్యక్షుడే పూరించవలెనని అందు విధి. సరకు పోయిన పూరింపవచ్చును. పిల్లలు పోయిన పూరించు అధ్యక్షుడెవడు?

కనుక నా విన్నపము రెండు మాటలు. రేపే సరంగుగారితో కలిసి పరీక్షించి, మీట ప్రక్కన 10 కిలోమీటర్లకు సరియగు చోట ఎఱ్ఱరంగుతో గీత గీయింతము. ఆ గీతను దాటుమని ఎంతటి పెద్దమనిషియు సరంగును అడుగరాదని ఈ సభలోనే తీర్మానింతము. ఆ తీర్మానము క్రింద మొదటి సంతకము, తప్పు చేసినవాడను గనుక, నేను పెట్టెదను.

సెలవు.